తెల్లబట్టకు గర్భసంచి తీయించుకోమన్నారు: ధర్మాబాద్ వైపు నుంచి ఒక కేసు

రోగి వయసు 34. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్ దగ్గరి పల్లె, ఇంట్లో తెలుగు, కాగితాల మీద మరాఠీ. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పని, మిగతా రోజుల్లో పత్తి ఏరడం. భర్త నిజామాబాద్ వైపు రైస్ మిల్లులో పనిచేస్తాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాం.

ఆమె చెప్పిన మాట ఇది: "ఎనిమిది నెల్ల సంది తెల్లబట్ట పోతున్నది మేడం. నడుము గుంజుతున్నది. బొక్కలు కరిగి పోతున్నయంటున్నరు. పిషివి తీపిచ్చుకోమన్నరు, లేకుంటే క్యాన్సర్ అయితదంట." పిషివి అంటే ఇక్కడి మరాఠీలో సంచి, అంటే గర్భసంచి. ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగు ఆడవాళ్లు కూడా ఆ మాటే వాడతారు. ఆపరేషన్ ఖర్చు కోసం పుస్తెలతాడు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉంది. ఊళ్లోని ఆశాతాయి (ఆశా కార్యకర్త), తీయించుకునే ముందు ఒక్కసారి చూపించుకొమ్మని తీసుకొచ్చింది.

చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఉన్నవే సగం కథ చెప్పాయి. ఒక స్కాన్ రిపోర్టు: గర్భసంచి కాస్త పెద్దది, పొడవు 9 సెం.మీ. పైచిలుకు, ముఖద్వారంలో నబోథియన్ సిస్టులు. ఒక చీటీ మీద "ఎరోజన్" అని. మెడికల్ షాపులో మూడుసార్లు కొన్న మాత్రల అట్టలు, మూడూ సగం సగమే వాడినవి. దురదకు రాసుకునే ట్యూబు, అందులో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కూడా కలిసి ఉంది.

ముందు స్కాన్ సంగతి. యోనిలో ఇన్ఫెక్షన్ ఉందో లేదో స్కాన్ చెప్పదు. కాన్పులైన గర్భసంచి కాన్పు కానిదానికంటే కొంచెం పెద్దగా ఉండడం సహజం. నబోథియన్ సిస్టులంటే ముఖద్వారం దగ్గరి చిన్న గ్రంథుల నోళ్లు మూసుకుపోయి జిగురు నిలిచిన బుడగలు. కాన్పులైన చాలామందిలో కనిపిస్తాయి, మందు అక్కర్లేదు. ఆ రిపోర్టులో ఆపరేషన్‌కు కారణమయ్యే మాట ఒక్కటీ లేదు. అయినా "సంచి పెద్దదైంది, గడ్డలున్నాయి" అని విన్న మనిషికి రాత్రి నిద్ర పట్టదు. రిపోర్టులోని ప్రతి మాటనూ వేలు పెట్టి చూపించి అర్థం చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు చికిత్సలో భాగమే అనుకోవాలి.

తర్వాత ప్రశ్నలు. "తెల్లబట్ట ఉందా" అని అడిగితే ఉందనే అంటారు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఆడమనిషికీ అది ఉంటుంది. పిల్లలు కనే వయసులో రోజుకు 1 నుంచి 4 మి.లీ. వరకు, అంటే పావు చెంచా నుంచి చిన్న చెంచా దాకా, తెల్లగానో నీళ్లలాగానో స్రావం మామూలు. వాసన పెద్దగా ఉండదు. బట్ట మీద ఆరాక లేత పసుపు మరకగా మిగులుతుంది. ఆ పసుపును చూసి చీము అనుకుని భయపడేవాళ్లు చాలామంది. నెలసరికి నెలసరికి మధ్యలో, అండం విడుదలయ్యే రోజుల్లో, అది గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ హార్మోన్ వల్ల చిక్కబడి తగ్గుతుంది. గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది. పెద్దమనిషి కావడానికి కొన్ని నెలల ముందు ఆడపిల్లల్లో మొదలవుతుంది, దానికీ మందు లేదు.

కాబట్టి అడగాల్సింది మారిందా అని: రంగు మారిందా, వాసన మారిందా, దురద ఉందా, మంట ఉందా, కలయిక తర్వాత రక్తం కనిపిస్తోందా, పొత్తికడుపు నొప్పి ఉందా, జ్వరం ఉందా, నెలసరి ఆగిందా. "నీచు వాసన వస్తుందా?" అన్న ఒక్క ప్రశ్నకు ఆమె తల దించుకుని "వస్తది, ఆయన వచ్చిపోయినంక, ఇంకా బయట చేరినంక ఎక్కువ" అంది. ఆ జవాబులోనే రోగం దాదాపు తెలిసిపోయింది. ఎందుకో కింద చెబుతాం. దురద ఉండీ లేనట్టు, రక్తం లేదు, జ్వరం లేదు. వాసన పోవాలని పటిక నీళ్లతో, ఒక్కోసారి యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో లోపల కడుక్కుంటోంది, రోజుకు రెండుసార్లు.

పరీక్షకు కావలసింది పెద్ద ఆసుపత్రి కాదు. మంచి వెలుతురు, యోనిని తెరిచి పట్టి లోపల చూసే కస్కో స్పెక్యులం, పులుపు ఎంత, క్షారం ఎంత అని 3.8 నుంచి 6 లేదా 7 వరకు చదివే పీహెచ్ కాగితం, 0.9 శాతం సెలైన్, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, రెండు స్లైడ్లు, కవర్‌స్లిప్పులు, పనిచేసే మైక్రోస్కోపు. పక్కన ఒక ఆడమనిషి ఉండాలి, తెర ఉండాలి, ఏం చేయబోతున్నామో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మూత్రానికి వెళ్లి రమ్మనాలి. పెళ్లికాని పిల్లలకు స్పెక్యులం వేయం, బయటి నుంచి పుల్లతో తీసిన నమూనా చాలు.

స్పెక్యులంను గోరువెచ్చని నీళ్లతోనే తడపాలి. జెల్లీ రాస్తే పీహెచ్ మారుతుంది, స్లైడు మసకబారుతుంది. నమూనా ఎక్కడి నుంచి తీస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. యోని పక్కగోడ మధ్యభాగం నుంచి తీయాలి. ముఖద్వారం దగ్గరి జిగురు స్వభావంగానే క్షారం, దాదాపు 7 ఉంటుంది. అది అంటిన కాగితం ఆరోగ్యవంతురాలికి కూడా రోగం ఉందని చెబుతుంది. నెలసరి రక్తం, ముందురోజు రాత్రి వీర్యం కూడా అలాగే మోసం చేస్తాయి. ఈమెకు నెలసరి అయి తొమ్మిది రోజులు, భర్త వచ్చి వారం దాటింది, కాబట్టి నమూనా నమ్మదగ్గదే.

బయటి చర్మం కాస్త ఎర్రగా, పలచగా ఉంది, స్టెరాయిడ్ ట్యూబు చేసిన పని. లోపలి గోడల మీద బూడిద రంగు కలిసిన తెల్లటి పలుచని పూత, పాలు పూసినట్టు సమంగా. గోడ ఎర్రబడలేదు. పీహెచ్ 5.3. మామూలుగా 3.8 నుంచి 4.5 మధ్య ఉండాలి. యోని గోడ కణాల్లోని గ్లైకోజన్ నుంచి లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది, ఆ పులుపే అక్కడి కాపలా.

రెండో స్లైడు మీద నమూనాకు ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ కలపగానే చేపలు కడిగిన నీళ్ల వాసన లేచింది. కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే అమీన్లు క్షారంలో ఆవిరవుతాయి, ఆ వాసన వాటిదే. వీర్యం కూడా క్షారమే, రక్తం కూడా అంతే. ఆమె చెప్పిన "ఆయన వచ్చిపోయినంక, బయట చేరినంక" అన్న మాటకు అర్థం ఇదే. మగవాళ్లు కొందరు ఆ వాసనను భార్య నడతకు అంటగడతారు. అది తప్పు, రసాయనం చేసే పని అది.

సెలైన్ స్లైడును వెంటనే చూడాలి. ముందు 10 లెన్సుతో, తర్వాత 40తో, కండెన్సర్ కిందికి దించి వెలుతురు తగ్గించి. పది నిమిషాలు దాటితే ట్రైకోమొనాస్ అనే ఏకకణ జీవి కదలిక తగ్గుతూ పోతుంది, కదలకపోతే తెల్లరక్తకణంలాగే కనిపిస్తుంది. నమూనాను ట్యూబులో వేసి సాయంత్రం బస్సుకు జిల్లా ల్యాబుకు పంపితే "ఏమీ లేదు" అని వచ్చే రిపోర్టును నమ్మలేం. అప్పటికప్పుడు చూసినా తడి స్లైడు ట్రైకోమొనాస్‌ను చాలాసార్లు వదిలేస్తుంది, కాబట్టి కనిపించలేదంటే లేదని అర్థం కాదు. ఈమె స్లైడులో కదిలేవేవీ లేవు. పెద్ద పొర కణాల అంచులు మాత్రం చెరిగిపోయి, బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలతో నిండి ఉన్నాయి. వాటినే క్లూ సెల్స్ అంటారు. ప్రతి పది కణాల్లో నాలుగు దాకా అలాంటివే. పొడుగు కడ్డీల్లా ఉండాల్సిన లాక్టోబాసిల్లస్ దాదాపు లేవు. తెల్లరక్తకణాలు కూడా కొద్దిగానే ఉన్నాయి. అవి పొర కణాలకంటే ఎక్కువైతే ట్రైకోమొనాస్‌నో ముఖద్వారపు ఇన్ఫెక్షన్‌నో అనుమానించాలి.

ఆమ్సెల్ పద్ధతిలో నాలుగు గుర్తులుంటాయి: సమంగా పరుచుకున్న పలుచని స్రావం, 4.5 దాటిన పీహెచ్, అమీన్ వాసన, 20 శాతానికి మించిన క్లూ సెల్స్. మూడుంటే చాలు, ఈమెకు నాలుగూ ఉన్నాయి. బ్యాక్టీరియల్ వెజైనోసిస్. లోపల కాపలా ఉండే బ్యాక్టీరియా పోయి వేరే రకాలు గుంపుగా చేరిన స్థితి. పటిక నీళ్లతో, యాంటీసెప్టిక్‌తో కడిగే కొద్దీ కాపలావాళ్లే ముందు చస్తారు, వాసన ఇంకా పెరుగుతుంది, ఆమె ఇంకా కడుగుతుంది.

ఇక "ఎరోజన్". స్పెక్యులంలో ముఖద్వారం నోటి చుట్టూ ఎర్రటి వలయం కనిపించింది. ముట్టుకుంటే రక్తం రాలేదు. లోపలి కాలువ పొర బయటికి తిరిగి ఉండడమే అది, ఎక్ట్రోపియన్ అంటారు. పుండు కాదు. పిల్లలు కనే వయసులో, గర్భంలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో సహజంగా కనిపిస్తుంది. పాత కాలంలో ఎరోజన్ అన్నారు, ఆ పేరు "పుండు"గా, పుండు "క్యాన్సర్"గా మారి ఎంతమంది గర్భసంచులను తీయించిందో. పేరు మాత్రం చీటీల మీద ఇంకా బతికే ఉంది.

అయినా క్యాన్సర్ భయాన్ని మాటతో కొట్టేయకూడదు, పరీక్షతో తేల్చాలి. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి ముఖద్వారపు క్యాన్సర్ స్క్రీనింగ్ చేయాలి. ఈమెకు 34, ఒక్కసారీ కాలేదు. జిగురు తుడిచి, 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని ముఖద్వారానికి పట్టించి, గడియారం చూసి ఒక నిమిషం ఆగాం. అనుమానపు చోటు ఉంటే లోపలి పొర, బయటి పొర కలిసే గీత దగ్గర గట్టి తెల్లమచ్చ లేస్తుంది. ఏమీ లేవలేదు. ఎర్రటి వలయం ఎర్రగానే ఉంది. చేతిపరీక్షలో ముఖద్వారం కదిపితే నొప్పి లేదు, పక్కల్లో గడ్డ లేదు.

ఇదే మనిషికి వేరే రోగమై ఉంటే ఎలా కనిపించేదో చెప్పాలి. ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అయితే దురద తట్టుకోలేనంతగా ఉంటుంది, విరిగిన పాల తరకల్లా గడ్డలు గోడకు అంటుకుని ఉంటాయి, వాసన ఉండదు, పీహెచ్ 4.5 లోపే ఉంటుంది, పొటాషియం హైడ్రాక్సైడ్ స్లైడులో కొమ్మల్లాంటి పోగులు కనిపిస్తాయి. ట్రైకోమొనాస్ అయితే పసుపుపచ్చగా, నురగతో, దురద మంట రెండూ, పీహెచ్ 4.5 పైన. స్ట్రాబెర్రీ లాంటి చుక్కల ముఖద్వారం పుస్తకాల్లో ఉంటుంది కానీ మామూలు కంటికి చాలా అరుదుగా దొరుకుతుంది. ముఖద్వారం నోటి నుంచే చీము కారుతూ, దూది తాకితే రక్తం వస్తుంటే గనేరియా, క్లమైడియా అనే సుఖవ్యాధుల గురించి ఆలోచించాలి.

సుఖవ్యాధుల సురక్షా క్లినిక్కుల్లో ఉచితంగా ఇచ్చే కిట్లలో ఆకుపచ్చది తెల్లబట్టకు: సెక్నిడజోల్ 2 గ్రా., ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా., రెండూ ఒక్కసారే. మైక్రోస్కోపు లేని చోట అది మంచి ఆయుధం. పొరపాటు ఎక్కడంటే, ముఖద్వారం చూడకుండా ప్రతి తెల్లబట్టకూ ఆకుపచ్చ కిట్ ఇచ్చి పంపడం. చీము ముఖద్వారం నుంచి వస్తుంటే కావలసింది బూడిద రంగు కిట్ (అజిత్రోమైసిన్ 1 గ్రా., సెఫిక్సిమ్ 400 మి.గ్రా.), పొత్తికడుపు నొప్పి కూడా ఉంటే పద్నాలుగు రోజుల పసుపు కిట్. గర్భిణికి ఫ్లూకొనజోల్ మాత్ర ఇవ్వకూడదు. గర్భంలో ఈస్ట్‌కు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ ఏడు రాత్రులు.

ఈమెకు స్లైడు చేతిలో ఉంది కాబట్టి ఈస్ట్ మందు కలపలేదు. మెట్రొనిడజోల్ 400 మి.గ్రా., ఉదయం రాత్రి, అన్నం తిన్నాక, ఏడు రోజులు. నోరు ఇనుము నాకినట్టు చేదవుతుందని ముందే చెప్పాం. చెప్పకపోతే మూడో రోజు "మందు పడలేదు" అని ఆపేస్తారు. కవర్లో ఉన్న సగం అట్టల వెనక కారణం అదే. కల్లు తాగే రోజు మాత్ర మానేస్తామనే వాళ్లు కూడా ఈ వైపు ఎక్కువ. వారం రోజులు కల్లు మానండి, మాత్ర మాత్రం మానకండి, అని ఆ వరుసలోనే చెప్పాలి. లోపల కడగడం పూర్తిగా బంద్. బయట మామూలు నీళ్లు చాలు. స్టెరాయిడ్ ట్యూబు తీసి పక్కన పెట్టించాం. ఇంకో చిన్న సంగతి: మిరప తొడిమలు తీసిన చేతులతో మూత్రానికి వెళ్లినా మంట పుడుతుంది, అది ఇన్ఫెక్షన్ మంటలాగే అనిపిస్తుంది. పోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. హెచ్‌ఐవి, సిఫిలిస్ పరీక్షలు ఆమె ఒప్పుకోలుతో చేశాం, రెండూ నెగటివ్. షుగర్ మామూలుగానే ఉంది.

హీమోగ్లోబిన్ 8.6, అంటే రక్తహీనత. నడుం నొప్పి, నీరసం, "బొక్కలు కరగడం" వెనకున్నవి ఇదీ, పొద్దంతా గొంతుక్కూర్చుని చేసే పనీ. స్రావంలో ఎముక పోదు, ధాతువు పోదు. అందులో ఉండేది నీరు, జిగురు, రాలిన పొర కణాలు, బ్యాక్టీరియా, అంతే. ఐరన్ ఫోలిక్ మాత్రలు రోజుకు రెండు, ఒక్కోదాంట్లో 60 మి.గ్రా. ఐరన్, టీతో కాకుండా నిమ్మకాయ నీళ్లతో. నట్టల మందు ఒక మోతాదు.

పన్నెండో రోజు మళ్లీ వచ్చింది. వాసన పోయింది, కానీ ఇప్పుడు ఆగని దురద. ఇంటి దగ్గర "చూశావా, ఆపరేషన్ తప్ప లాభం లేదు" అన్నారట. పీహెచ్ 4.2, వాసన లేదు, తెల్లటి తరకలు, స్లైడులో పోగులు. మెట్రొనిడజోల్ తర్వాత కొందరికి ఈస్ట్ లేస్తుంది. ఇది పాత రోగం తిరగబెట్టడం కాదు, వేరే రోగం, వేరే మందు. క్లోట్రిమజోల్ 500 మి.గ్రా. బిళ్ల ఒకటి, రాత్రి పడుకునే ముందు, వెల్లకిలా పడుకుని వేలు అందినంత లోపలికి. ఇక్కడ పీహెచ్ కాగితం చూడకుండా మళ్లీ మెట్రొనిడజోల్ రాసి ఉంటే దురద రెట్టింపై, ఆమె నేరుగా ఆపరేషన్ టేబుల్ మీదికే వెళ్లేది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఈస్ట్ వస్తే మాత్రం షుగర్ మళ్లీ చూసి, కల్చర్ (నమూనాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) పెట్టించి, ఆరు నెలల పాటు వారానికి ఒక ఫ్లూకొనజోల్ దాకా వెళ్లాలి.

మూడో నెలలో నీచు వాసన తిరిగొచ్చింది. స్లైడులో మళ్లీ క్లూ సెల్స్. బ్యాక్టీరియల్ వెజైనోసిస్ తిరగబెట్టడం మామూలే, ఆ సంగతి మొదటిరోజే ఆమెకు చెప్పి ఉంచాం. ఈసారి భర్తకు కూడా మందు. చాలాకాలం భర్తకు మందు అక్కర్లేదనే చెప్పేవారు. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఒకరికొకరే అన్న జంటల్లో, భర్తకూ మందు వేసిన వైపు 12 వారాల్లో 35 శాతం మందికి తిరగబెడితే, భార్యకు మాత్రమే వేసిన వైపు 63 శాతం మందికి తిరగబెట్టింది. కాబట్టి భర్త సెలవు మీద వచ్చిన వారమే ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టాం. ఆమెకు మెట్రొనిడజోల్ ఏడు రోజులు, అతనికి అదే మాత్రతో పాటు 2 శాతం క్లిండమైసిన్ క్రీము, ముందుచర్మం వెనక్కి లాగి, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. ఆ వారం కలయిక వద్దు. ఆ క్రీము నూనెతో చేసింది, రబ్బరు కండోమును పాడుచేస్తుంది, కాబట్టి కండోము ఉందిగదా అన్న ధీమా పనికిరాదు. అతనితో విడిగా మాట్లాడాం: ఇది నీ భార్య ఎక్కడి నుంచో తెచ్చుకున్నది కాదు, నీ చర్మం మీదా కూర్చున్న బ్యాక్టీరియా, ఇద్దరూ కలిసి తుడిచేయాలి. "అట్లనా మేడం, ముందే చెప్పలేదేంది" అని క్రీము అందుకున్నాడు.

ఆపరేషన్ మాట. స్రావం పుట్టేది యోని గోడ నుంచి, ముఖద్వారం నుంచి. గర్భసంచి తీసినా యోని అక్కడే ఉంటుంది, బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది. తీయించుకుని కూడా అదే వాసనతో వచ్చేవాళ్లుంటారు. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే 34 ఏళ్లకే ముట్లుడిగి ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. తెల్లబట్ట చేయని పని ఆపరేషన్ చేస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన తెలుగువాళ్ల వాటా ఇంత ఎక్కువగా ఉండడం మనసు కలచివేసే విషయం. అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ చెప్పిన చోట "ఏ కారణానికి, ముందు ఏ మందు వాడి చూశారు, స్క్రీనింగ్ ఫలితం ఏది" అని కాగితం మీద రాసిమ్మని అడిగే హక్కు రోగికి ఉంది.

ఆలస్యం చేయకూడనివి వేరే ఉన్నాయి. కలయిక తర్వాత రక్తం, మాంసం కడిగిన నీళ్లలా కుళ్లు వాసనతో స్రావం, ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి, గర్భిణికి నీళ్లు కారడం, పెద్దమనిషి కాని చిన్నపిల్లకు వాసనతో స్రావం. చిన్నపిల్లల్లో నులిపురుగులు, లోపల ఇరుక్కున్న వస్తువు, లైంగిక దాడి, మూడూ గుర్తుండాలి. వీళ్లకు కిట్ ఇచ్చి పంపకూడదు, అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి.

ఆరో నెలలో ఆమె పీహెచ్ 4.3, వాసన లేదు, స్లైడు శుభ్రం. హీమోగ్లోబిన్ 11.1. పుస్తెలతాడు తాకట్టుకు పోలేదు. మళ్లీ క్యాన్సర్ స్క్రీనింగ్ ఎప్పుడన్నది అయిదేళ్ల తర్వాతి తేదీ వేసి, కార్డు మీద ఒక పక్క మరాఠీలో, ఒక పక్క తెలుగులో రాసిచ్చాం. తెలుగు పక్క ఆమె కూతురు చదివి వినిపించింది.